మెడికల్ షాపు మిత్రులకు: ఆ గోలీ ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి

హైదరాబాద్‌లో మందుల షాపులు నడుపుతున్నవారికి, ఆ షాపుల్లో కౌంటర్ వెనక నిలబడి పనిచేస్తున్న ఫార్మసిస్టులకు,

నమస్కారం.

పిర్ఫెనిడోన్ అనే ఊపిరితిత్తుల మందు గురించి ఈ ఉత్తరం. ఇది డాక్టర్లకు రాయాలి కదా అన్నాడు మా తమ్ముడు. కాదు, మీకే రాయాలి. డాక్టరు గారిని మేం మూడు నెలలకొకసారి చూస్తాం, అదీ రెండు గంటలు కూర్చుంటే పది నిమిషాలు. మీ దగ్గరికి నెలనెలా వస్తాం. మందు నోట్లో పడేముందు దాని సంగతి తెలిసిన మనిషి చేతిలో చివరిసారి ఉండేది మీ కౌంటర్ మీదే.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. రెండేళ్ల కిందట పొడిదగ్గు మొదలైంది. రెండో అంతస్తులో ఉన్న మా ఫ్లాట్‌కు ఎక్కుతూ మధ్య మెట్ల మీద కూలబడడం మొదలుపెట్టారు. వయసు అనుకున్నాం. రోడ్డు పనుల దుమ్ము అనుకున్నాం. ఆయాసం అంటే ఆస్తమానే కదా, మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు తీసుకెళ్లి చేప ప్రసాదం వేయించండి అన్నారు బంధువులు. ఇంకొకాయన టీబీ మందులు మొదలుపెట్టించబోయాడు. చివరికి ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారు నాన్న వీపు కింది భాగంలో స్టెతస్కోపు ఆనించి, దాన్ని నా చెవులకు కూడా పెట్టారు. బీపీ మిషన్ పట్టీని చర్రుమని లాగి విప్పితే ఎలా ఉంటుందో ఆ చప్పుడు, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగున తేనెపట్టు లాంటి గుంతలు కనిపించాయి. దాని పేరు ఐపీఎఫ్. ఫలానా కారణం అని తేలకుండా ఊపిరితిత్తి మచ్చ కట్టి, గట్టిపడి, సాగడం మానేసే జబ్బు. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. మిగిలినది అంత తొందరగా గట్టిపడకుండా చూడడానికే మందు. ఆ మందే పిర్ఫెనిడోన్.

మీలో చాలామంది ఈ స్ట్రిప్పు ఇచ్చే ఉంటారు. కోవిడ్ తర్వాత ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలిన కొందరికి కూడా డాక్టర్లు దీన్ని రాశారు కాబట్టి ఆ రెండేళ్లలో పేరు బాగానే తిరిగింది. జపాన్‌లో 2008లో, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. మన దేశంలో జెనరిక్ కంపెనీలవే దొరుకుతున్నాయి కాబట్టి అక్కడి ధరలతో పోలిస్తే మనం చాలా నయం. అందుకు నాకు సంతోషమే. నా గొడవ ధర గురించి కాదు.

డాక్టరు గారు నాన్నకు రాసింది మెట్లు మెట్లుగా. మొదటి వారం 200 మిల్లీగ్రాములది మూడు పూటలా. రెండో వారం 400. మూడో వారం నుంచి 600. కొన్ని దేశాల్లో చివరి మెట్టు ఇంకా ఎక్కువ, రోజుకు 2,403 మిల్లీగ్రాముల దాకా వెళ్తారు, కానీ అక్కడా మూడు వారాల మెట్లే. పొట్ట ఆ మందుకు అలవాటు పడాలి కాబట్టి అలా ఎక్కిస్తారు.

చీటీ తీసుకుని ఒక షాపుకు వెళ్లాను. ఏ షాపో చెప్పను, ఇక్కడ దాని పేరుతో పనిలేదు. సాయంత్రం ఏడు గంటల రద్దీ. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి లోపలికి వెళ్లి వచ్చి, "200 లేదు అక్కా, 600 ఉంది. అదే మందు, పవర్ ఎక్కువ, అంతే" అన్నాడు. నేను తలూపాను. ఆ తప్పులో సగం నాది. అతను స్ట్రిప్పును కత్తెరతో రెండు ముక్కలు చేశాడు. పేరున్న ముక్క ఒకటి, తేదీ ఉన్న ముక్క ఇంకొకటి. కవరు మీద బాల్‌పెన్‌తో 1-1-1 అని రాసి ఇచ్చాడు.

లెక్క చూడండి. రోజుకు 600 మిల్లీగ్రాములతో మొదలవ్వాల్సిన మనిషి మొదటి రోజే 1,800 మింగాడు. అదీ పొద్దున్నే టీతో, ఖాళీ కడుపున. భోజనంతోపాటే వేసుకోవాలని ఆ కవరు మీద లేదు. మూడో రోజుకు వాంతులు, కళ్లు తిరగడం. బాత్‌రూమ్‌కు గోడ పట్టుకుని వెళ్లారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు మూడింతలు అంటే ఏమిటో చెప్పిన మనిషి, తన ఒంట్లోకి మూడింతలు వెళ్తోందని తెలియక, "గీ గోలీ నా ఒంటికి పడది బిడ్డా, ఇగ నాకొద్దు" అని పక్కన పడేశారు.

ఇక్కడితో ఆగలేదు. ఈ మందుతో కొందరికి మోషన్స్ అవుతాయి, నాన్నకూ అయ్యాయి. ఆపిన రెండు రోజులకు నేను బతిమాలితే మళ్లీ వేసుకున్నారు, మళ్లీ మోషన్స్. నేను ఆఫీసులో ఉండగా మా అమ్మ వీధి చివర ఇంకో షాపుకు వెళ్లి, "మోషన్స్ తగ్గడానికి ఏదైనా ఇవ్వు నాయనా" అంది. ఆయన చీటీ అడగలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఏ వీధిలో అడిగినా మొదట చెయ్యి వెళ్లేది దానిమీదికే కదా.

ఇప్పుడు అసలు విషయం. పిర్ఫెనిడోన్‌ను ఒంట్లోంచి బయటికి పంపే పని ఎక్కువగా చేసేది లివర్‌లోని ఒక ఎంజైమ్, దాని పేరు సీవైపీ 1ఏ2. సిప్రోఫ్లాక్సాసిన్ ఆ ఎంజైమ్ పనికి అడ్డం పడుతుంది. 750 మిల్లీగ్రాముల సిప్రో రోజుకు రెండుసార్లు వాడితే రక్తంలో పిర్ఫెనిడోన్ 81 శాతం పెరుగుతుందని మందు సమాచార పత్రంలోనే ఉంది. అంత డోసు సిప్రో తప్పనిసరైతే పిర్ఫెనిడోన్ తగ్గించాలనీ, తక్కువ డోసైతే జాగ్రత్తగా గమనించాలనీ అందులోనే రాశారు. అంటే మందు వల్ల వచ్చిన మోషన్స్‌కు ఇచ్చిన గోలీ, అదే మందును ఒంట్లో ఇంకా పెంచే గోలీ. మా అమ్మకు ఇది తెలిసే దారి లేదు. నాకూ లేదు. ఆ షాపాయన "వేరే ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని ఒక్క మాట అడిగి ఉంటే బయటపడేది.

మానసిక సమస్యలకు వాడే ఫ్లూవోక్సమిన్ అయితే ఇంకా గట్టిగా అడ్డం పడుతుంది, ఆ రెండూ కలిపి వాడనే కూడదు. సిగరెట్, బీడీ, చుట్ట దీనికి ఎదురు పని చేస్తాయి. పొగ ఆ ఎంజైమ్‌ను రెచ్చగొట్టి మందును తొందరగా ఖర్చు చేయిస్తుంది. పొగతాగేవారి రక్తంలో ఈ మందు తాగనివారితో పోలిస్తే సగం కూడా ఉండదు. వేలు పోసి గోలీలు కొని, ఆ పక్క పాన్ డబ్బాలో సిగరెట్ వెలిగించుకుంటే సగం డబ్బు పొగలో పోయినట్టే. ఈ మాట ఆ పాన్ డబ్బా పక్కనే షాపు ఉన్న మీరు చెబితే డాక్టరు చెప్పినదానికన్నా బాగా ఎక్కుతుంది.

మీరు చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసమేం కాదు. తిండితో వేసుకోండి, ఖాళీ కడుపున వద్దు. తిండితో వేసుకుంటే మందు రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కదు, వికారం, తల తిరగడం తగ్గుతాయి. మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, రెండు ఇడ్లీలు తిన్నాక గోలీ, ఆ తర్వాత మూడో ఇడ్లీ. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి మింగకూడదు. రెండు వారాలు వరసగా ఆగిపోతే మళ్లీ 600తో మొదలుపెట్టకూడదు, డాక్టరును అడిగి కింది మెట్టు నుంచి ఎక్కాలి. దసరాకు ఊరెళ్లి అక్కడ దొరక్క ఆగిపోయిన వాళ్లు, స్టాకు రాలేదని పది రోజులు "రేపు రండి" అనిపించుకున్నవాళ్లు మీకు కనిపిస్తూనే ఉంటారు. "ఎన్ని రోజులు ఆగింది?" అని అడగండి.

పాతబస్తీలో షాపులున్నవారికి ఒక మాట ప్రత్యేకంగా. రంజాన్ నెలలో సహరీకి, ఇఫ్తార్‌కు మధ్య తిండి లేదు. రోజుకు మూడుసార్లు తిండితో వేసుకోవాల్సిన మందు అక్కడ ఎలా ఇముడుతుంది? రెండు పూటలవి కలిపి మింగేద్దాం అనుకునేవారు ఉంటారు. ఏకాదశి, శనివారం ఉపవాసాలు ఉండే మా అమ్మలాంటి వాళ్ల సంగతీ అంతే. దీనికి జవాబు మీరు చెప్పనక్కర్లేదు, నేనూ చెప్పలేను. నెల మొదలవకముందే డాక్టరును అడగమని పంపితే చాలు.

ఎండ విషయం మాకు చర్మం మీద తెలిసింది. మేలో నాన్న డాబా మీద మొక్కలకు నీళ్లు పోసి వచ్చారు. గట్టిగా ముప్పావుగంట. సాయంత్రానికి మెడ, ముంజేతులు కాలినట్టు ఎర్రబడ్డాయి. చొక్కా చేతులు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ గీత గీసినట్టు. ఈ మందు చర్మాన్ని ఎండకు తట్టుకోకుండా చేస్తుంది. నిండు చేతుల చొక్కా, టోపీ, గొడుగు, ఎస్‌పీఎఫ్ 50 ఉన్న సన్‌స్క్రీన్ కావాలి. "ఈ వయసులో నాకు మొహానికి క్రీమా" అని నాన్న ఇప్పటికీ గొణుగుతారు. మీ అరలోనే ఉన్న ట్యూబు అది. నన్ను నిలబెట్టి చెప్పి ఉంటే ఆ రోజే కొనేదాన్ని, మీకూ ఒక బిల్లు పెరిగేది. ఎండకు చర్మాన్ని మాడ్చే మందులు ఇంకా ఉన్నాయి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లాంటివి. దగ్గు, జ్వరం అని వచ్చిన ఈ రోగి చేతిలో అది పెట్టేముందు కాస్త ఆలోచించండి. దద్దురు బొబ్బలుగా మారినా, నోట్లో పుండ్లు పడినా, మొహం, పెదాలు వాచినా ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపకండి. అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన పని.

అన్నిటికన్నా నాకు భయం లివర్ గురించి. మందు మొదలుపెట్టేముందు లివర్ పరీక్ష, అంటే ఎల్‌ఎఫ్‌టీ, చేయాలి. మొదటి ఆరు నెలలు నెలకొకసారి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి చేస్తూ ఉండాలి. అరుదుగానే అయినా ఈ మందుతో లివర్ బాగా దెబ్బతిన్నవారున్నారు, ప్రాణం పోయినవారూ ఉన్నారు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, కుడివైపు డొక్కలో నొప్పి, ఊరికే నీరసం, ఆకలి చచ్చిపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మన దగ్గర ఏం జరుగుతుందో మీకు తెలుసు. కామెర్లు అనగానే పసరు పోయించుకోవడానికి ఫలానా ఊరికి బస్సెక్కుతారు, వారం పత్యం చేస్తారు. ఈలోపు ఈ గోలీ మూడు పూటలా లోపలికి వెళ్తూనే ఉంటుంది. నెలనెలా స్ట్రిప్పు కోసం వచ్చిన మనిషిని "ఎల్‌ఎఫ్‌టీ చేయించారా? రిపోర్టు ఏదీ?" అని అడగడానికి మీకన్నా సరైన మనిషి లేరు. ఆ ప్రశ్నకు అర నిమిషం పడుతుంది.

అడగకూడని ప్రశ్న కూడా ఒకటుంది. మాకు పరిచయమున్న ఒక షాపాయన చాలా మంచివారు. నాన్న కనిపిస్తే చాలు, "ఏం సార్, తగ్గిందా?" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాన్న ఇంటికొచ్చి, "ఏం తగ్గలేదు, ఎందుకీ గోలీ" అంటారు. ఈ మందు తగ్గించేది కాదు. పెరిగే వేగాన్ని తగ్గించేది. 2014లో వచ్చిన పెద్ద పరీక్షలో 555 మందిని సంవత్సరం పాటు చూశారు. ఊపిరితిత్తుల సామర్థ్యం పది శాతమో అంతకన్నా ఎక్కువో పడిపోయినవారు, చనిపోయినవారు కలిపి, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవారిలో 31.8 శాతం ఉంటే, ఈ మందు వేసుకున్నవారిలో 16.5 శాతం. దాదాపు సగం. వేసుకున్న మనిషికి మాత్రం అదేమీ తెలియదు. ఆయాసం నిన్నటిలాగే ఉంటుంది, దగ్గు అలాగే ఉంటుంది. కాబట్టి "తగ్గిందా" అనకుండా "గోలీ ఆపకుండా వేసుకుంటున్నారా సార్, కడుపులో బాగుందా" అని అడగండి. మా నాన్నను నిలబెట్టింది ఆ రెండో ప్రశ్నే.

ఇంకో సంగతి. ఒకరి స్ట్రిప్పు ఇంకొకరికి చేరడం. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ కోవిడ్ అప్పటి గోలీలు మిగిలాయని తెచ్చిస్తే, మా కింది ఫ్లాట్ ఆయన తన ఆయాసానికి వేసుకుందామనుకున్నారు. మచ్చలన్నీ ఒకటి కావు. 2017లో అచ్చయిన దేశవ్యాప్త రిజిస్ట్రీలో, అంటే రోగుల వివరాల నమోదులో, ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బులున్న 1,084 మందిని చూస్తే, వారిలో ఐపీఎఫ్ 13.7 శాతమే. అందరికన్నా ఎక్కువ, 47.3 శాతం, పీల్చిన గాలిలోని వాటికి ఊపిరితిత్తి ఎదురుతిరిగి వచ్చే జబ్బు. అలాంటి వారిలో దాదాపు సగం మంది ఇంట్లో ఎయిర్ కూలర్ ఉంది. పావురాల రెట్టలూ ఈ జబ్బుకు తెలిసిన కారణమే. బాల్కనీలో పావురాలకు జొన్నలు చల్లి, నీళ్లు మార్చని కూలర్ ముందు పడుకునే మన ఊరికి ఇది దగ్గరి సంగతి. అక్కడ మొదట చేయాల్సింది కారణాన్ని దూరం పెట్టడం, పక్కింటి గోలీ మింగడం కాదు. చీటీ లేకుండా ఇది ఇవ్వకండి. షెడ్యూల్ హెచ్ అని స్ట్రిప్పు మీదే ఉంటుంది.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. కౌంటర్ ముందు ఆరుగురు ఒకేసారి చీటీలు చాపుతారు. ఆన్‌లైన్ వాళ్లు ఇరవై శాతం తగ్గిస్తుంటే మీరు పది ఇచ్చి షాపు అద్దె కట్టాలి. పైగా ఆ ఆన్‌లైన్ డబ్బాతో ఒక్క మాట కూడా రాదు, వాళ్లను ఎవరూ అడగరు. కానీ ఒకటి చెప్పక తప్పదు. చాలా షాపుల్లో గోడ మీద ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్ ఒకరిది, మందు చేతికిచ్చేది ఇంకొకరు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన ప్రాక్టీస్ రెగ్యులేషన్లలో, మందు ఎందుకు, ఎలా వేసుకోవాలి, ఏ ఇబ్బందులు రావచ్చు, ఏ మందుతో కలవదు, మర్చిపోతే ఏం చేయాలి అని రోగికి చెప్పడం ఫార్మసిస్టు పనుల్లో ఒకటిగా రాసి ఉంది. నేను కొత్తగా ఏమీ అడగడం లేదు. నాలుగేళ్లు బీఫార్మసీ చదివిన మీ చదువును కౌంటర్ ముందుకు తెమ్మంటున్నాను, అంతే. "పవర్ ఎక్కువ, అంతే" అన్న అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతన్ని అక్కడ ఒంటరిగా నిలబెట్టినవారి మీద ఉంది.

బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టిన కాలం నుంచి ఇది మందుల ఊరు. జీడిమెట్ల, పాశమైలారం పక్క నుంచి వెళ్తే ముక్కుకు తెలుస్తుంది. ప్రపంచానికి డబ్బాలు పంపుతూ, ఆ డబ్బాల్లో ఆయా దేశాల భాషల్లో పేజీలకు పేజీలు కాగితం మడిచి పెడుతున్నాం. మా నాన్న చేతికి వచ్చిన కత్తిరించిన ముక్క మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు.

మందుతో ఇబ్బంది పడిన రోగి మీ దగ్గరికి వస్తే ఇంకో పని కూడా చేయవచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే, మందుల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేసే కేంద్రానికి ఆ సంగతి చేరవేయవచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టరే చేయాలని లేదు, మీరు చేయవచ్చు, రోగి ఇంటివాళ్లూ చేయవచ్చు. ఆ నంబరు కౌంటర్ అద్దం మీద అంటించడానికి జానెడు చోటు చాలు.

నాన్న ఇప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కి 600 దగ్గర ఉన్నారు. వాంతులు లేవు. ఆకలి కాస్త మందగించింది, బరువు చూస్తున్నాం. లివర్ రిపోర్టులు ఇప్పటిదాకా బాగున్నాయి. ఖాళీగా కూర్చోలేక, పైన చెప్పినవన్నీ తెల్ల కాగితం మీద తన గుండ్రటి బోర్డు అక్షరాలతో పదకొండు వాక్యాలుగా రాశారు. దాన్ని మా డాక్టరు గారికి చూపించి, ఒకచోట దిద్దించుకున్నాం. మా పక్కింటి టీచరమ్మ ఉర్దూలోకి మార్చి ఇచ్చారు. జిరాక్సులు తీయించి, మోతీనగర్ నుంచి ఎర్రగడ్డ వరకు ఏడు షాపుల్లో ఇచ్చాను. ముగ్గురు కౌంటర్ అద్దం కింద పెట్టారు. ఒకాయన చదివి, "సిప్రో సంగతి మర్చిపోయానమ్మా" అని పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి చూపించారు. మిగతా ముగ్గురి దగ్గరికి వచ్చే శనివారం మళ్లీ వస్తాను. మీ షాపు వేరే వైపు ఉంటే, కాగితం ఎవరైనా తీసుకోవచ్చు, కింద మా పేరు లేదు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారి కూతురు,
మోతీనగర్, హైదరాబాద్